పాతవస్తువునకు వెల కట్టుట: కొల్లూరు వజ్రము మొదలు పాత రేడియో వరకు

భిలాయి వంటి ఉక్కునగరమున నివసించువారికి విలువ యనునది పరీక్షతో ముడివడిన మాట. రాజహరా గనులనుండి వచ్చు ముడిఖనిజమున ఇనుము నూటికెంత కలదో రసాయనశాల తేల్చి చెప్పును. ఒక శాల చెప్పిన అంకెను వేరొక శాల సరిచూడవచ్చును. రెండంకెలకు భేదము వచ్చినచో పొరపాటెచ్చట జరిగినదో వెదకి పట్టుకొనవచ్చును. పరీక్షించువాడు మారినంత మాత్రమున ఖనిజమున ఇనుము పెరుగదు, తరుగదు.

పాతవస్తువుల విషయమున ఇట్టి నిశ్చయము లేదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటినుండి తెలుగునాడు విడిచి ఉద్యోగార్థమై ఇచ్చటికి వచ్చి స్థిరపడిన కుటుంబము లనేకము. అట్టి యిండ్లలో పెద్దల నాటి వాల్వు రేడియో, గోడగడియారము, ఇత్తడి దీపపుసెమ్మె, రాగి బిందె వంటి వస్తువులు నేటికిని అచ్చటచ్చట మిగిలియున్నవి. ఉద్యోగము ముగిసి క్వార్టరు ఖాళీ చేయు సమయమున వానిని ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టును. పాతసామాను కొనువాడు వందలలో చెప్పును. బంధువొకడు పత్రికలో చూచితినని లక్షలలో చెప్పును. నిపుణుడనని వచ్చినవాడు మూడవ అంకె చెప్పును. ఇందెవరి మాట నమ్మదగినది? ఈ ప్రశ్న నేటిది కాదు. తెలుగుదేశపు చరిత్రలోనే దీనికి మూడు శతాబ్దములకు మించిన పూర్వకథ కలదు.

రత్నములకు వెల కట్టుట మన దేశమున ప్రాచీనమైన విద్య. రాజకోశమున చేరు రత్నములను కోశాధ్యక్షుడు తానొక్కడే చూచి స్వీకరింపరాదనియు, ఆయా వస్తువుల నెరిగినవారిని వెంట నుంచుకొని స్వీకరింపవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రముల గుణదోషములతో పాటు బరువునుబట్టి వెల మారు క్రమమునుగూడ చెప్పియున్నాడు. కాబట్టి పరీక్షకుడు కావలెననుటయు, వాని మాటకొక ప్రమాణ ముండవలెననుటయు మన పూర్వులెరిగిన సంగతులే.

అయినను పెద్ద రత్నము ఎదుటికి వచ్చినప్పుడు ఆ ప్రమాణము తడబడుచునే వచ్చినది. 1526లో ఆగ్రాయందు హుమాయూనుకు లభించిన ఒక మహావజ్రమును గూర్చి బాబరు తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. అది కోహినూరే యని పలువురు తలంతురు. దాని వెల యావత్ప్రపంచమునకు రెండున్నర దినముల భోజనవ్యయమునకు సమానమని ఒక పరీక్షకుడు చెప్పెనట. వినుటకిది గంభీరమైన మాటయే. కాని ప్రపంచమంతటి భోజనవ్యయ మెంతయో ఆ పరీక్షకుడు లెక్కించినాడా? లెక్కించి చెప్పినను అంత ధనమిచ్చి కొనువాడెవడు? వస్తువుపై పరీక్షకునికి గల ఆశ్చర్యమును ఆ మాట తెలుపుచున్నదే గాని దాని వెలను తెలుపుట లేదు.

పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టవర్నియే గోలకొండ రాజ్యమునకు వచ్చి కృష్ణాతీరమునగల కొల్లూరు గనులను దర్శించెను. అచ్చట స్త్రీలు, పురుషులు, బాలురు కలిసి సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని అతడు వ్రాసెను. ఆ కొల్లూరు ప్రాంతము నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున టవర్నియే వజ్రమునకు వెల కట్టు సూత్ర మొకటి చెప్పెను. ఒక క్యారటు రాతి వెలను పెద్దరాతి బరువు వర్గముతో గుణింపవలెనని దాని సారాంశము. అనగా ఒక క్యారటు వజ్రము నూరు రూపాయలైనచో, అదే గుణముగల పది క్యారట్ల వజ్రము వేయి రూపాయలు గాక పదివేల రూపాయలగును. చిన్న రాళ్లకు ఈ సూత్రము కొంతవరకు సరిపోవును. బరువు పెరిగినకొలది అంకెలు ఆకాశమునంటును గాని కొనువారి సంఖ్య తరిగిపోవును. అచ్చటనే సూత్రము విఫలమగును.

దీనికి కొల్లూరు గనిలో లభించిన రత్నమే సాక్షి. 410 క్యారట్ల ముడివజ్రమును మదరాసు గవర్నరు తామస్ పిట్ పదునెనిమిదవ శతాబ్దారంభమున 20,400 పౌనులకు కొనెను. ఇంగ్లండున దానిని సానపట్టుటకు రెండేండ్లు పట్టినది. మిగిలిన రత్నము సుమారు 140 క్యారట్లు. పిమ్మట దానికి తగిన గ్రాహకుడు దొరకుటకు పిట్ ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. తుదకు 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దానిని 1,35,000 పౌనులకు కొనెను. రాయి అదియే, సాన, స్థలము, గ్రాహకుడు మారుటచే వెల ఆరురెట్లు దాటినది. ఆ గ్రాహకుడు దొరకకపోయినచో, సూత్రము చెప్పిన వెల కాగితముపైననే యుండెడిది.

ఈ సత్యము మరింత స్పష్టముగ బయల్పడినది హైదరాబాదులో, 1891లో. దక్షిణాఫ్రికాలో దొరకి, యూరపున సానపట్టబడి, 'ఇంపీరియలు' అను పేరుతో ప్రసిద్ధిగాంచిన వజ్రము బరువు సుమారు 184 క్యారట్లు. అంతటి రాతిని కొనువారు యూరపున త్వరగా లభింపలేదు. సిమ్లాయందు రత్నములు, పురాతనవస్తువులు విక్రయించు అలెగ్జాండరు మాల్కమ్ జాకబ్ దానిని ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు అమ్మజూపెను. కిప్లింగు 'కిమ్' నవలలోని లర్గన్ సాహెబు పాత్రకు ఈ జాకబే ఆధారమని ప్రసిద్ధి. ఇతడు చెప్పిన వెల 46 లక్షల రూపాయలు. నిజాము అందు సగము, అనగా 23 లక్షలు, ముందుగా జమకట్టించెను. వజ్రము హైదరాబాదు చేరినది. దానిని చూచిన పిదప నిజాము అక్కరలేదనెను. ఇంత వ్యయము బ్రిటిషు ప్రభుత్వమునకుగూడ ఇష్టము లేకుండెను. జమకట్టిన సొమ్ము తిరిగి రాకపోగా జాకబుపై కలకత్తా హైకోర్టున అభియోగము నడచెను. నిజాము సాక్ష్యమును హైదరాబాదులోనే కమిషను ఎదుట తీసికొనిరి. జాకబు నిర్దోషియని తీర్పు వచ్చినను, వ్యాజ్యపు ఖర్చులతోను, పోయిన పరపతితోను అతని వ్యాపారము మరల తలయెత్తలేదు. 1921లో అతడు బొంబాయిలో పేదరికమున మరణించెను. తుదకు ఆ 23 లక్షలతోనే వజ్రము నిజామునకు దక్కెను.

ఇందు ముఖ్యముగ గమనింపదగినది అంకెల సంగతి. 46 లక్షలు విక్రేత కోరిన వెల. 23 లక్షలు వాస్తవముగ చేతులు మారిన ధనము. ఈ రెంటికి నడుమ గల దూరము వజ్రపు గుణములో లేదు. అమ్మవలెనను ఒకని ఆతురతలోను, కొనవలెనో వద్దో తేల్చుకొనలేని మరియొకని మనస్సులోను ఉన్నది. అయినను ఆ వజ్రమును గూర్చి చెప్పువారు నేటికిని 46 లక్షల మాటనే ముందు చెప్పుదురు. కోరిన వెలను పలికిన వెలగా చెప్పుకొనుట పాతవస్తువుల లోకమున నేటికిని సర్వసాధారణమైన దోషము.

ఆ వజ్రమునకు తరువాత పట్టిన గతియు విచిత్రమే. ఆరవ నిజాము దానిపై ప్రీతి చూపలేదు. ఆయన 1911లో మరణించిన పిమ్మట, కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు అది తండ్రిగారి పాదరక్షలో లభించెనని ప్రసిద్ధమైన కథ. ఏడవ నిజాము దానిని కాగితములపై బరువుగా నుంచెననియు చెప్పుదురు. 1937లో అమెరికా పత్రిక 'టైమ్' తన ముఖపత్రముపై ముద్రించిన ప్రభువు బల్లపై, ఒకప్పుడు హైకోర్టు నెక్కిన రత్నము గాజుగుండు చేయవలసిన పని చేసినది. ఏ పరీక్షకుడును ఆ ఉపయోగమునకు వెల కట్టియుండడు.

ఉస్మాన్ అలీఖాను 1951, 1952 సంవత్సరములలో తన నగలను రెండు ధర్మకర్తృ నిధులకు అప్పగించెను. తాను, తన జ్యేష్ఠపుత్రుడు ఆజంజా మరణించిన పిమ్మటనే వానిని విక్రయింపవచ్చునని నిబంధన. నిజాము 1967లోను, ఆజంజా 1970లోను మరణించిరి. అంతట ధర్మకర్తలు విక్రయమునకు పూనుకొనిరి. సరిగా ఆ కాలముననే, 1972లో, పురావస్తువులు, కళానిధుల చట్టము వచ్చినది. 1976 ఏప్రిలు 5 నుండి అమలైనది. నూరేండ్లకు తక్కువ కాని పురావస్తువును దేశము దాటించుటకు కేంద్రప్రభుత్వమునకు గాని, అది అధికారమిచ్చిన సంస్థకు గాని తప్ప అన్యులకు హక్కు లేదు. ధర్మకర్తల విక్రయయత్నము వివాదములలో చిక్కి సుప్రీంకోర్టు వరకు పోయినది. తుదకు కొనదలచినది భారతప్రభుత్వము.

అప్పుడు అసలు చిక్కు తలయెత్తినది: ఈ నగల వెల యెంత? విదేశపు వేలముసంస్థల లెక్కలలో అంకె కోట్ల డాలర్లలో నుండెను. ప్రభుత్వపక్షపు పరీక్షకుల అంకె దానికి చాల దిగువన నుండెను. రెండు పక్షములవారును నిపుణులే. రెండు పక్షములును అవే రాళ్లను చూచినవి. భేదము రాళ్లలో లేదు, వారు తమలో తాము వేసికొనిన ప్రశ్నలో నున్నది. లండనులోనో జెనీవాలోనో, ప్రపంచపు ధనికులందరి ఎదుట వేలము వేసినచో నెంత పలుకుననునది ఒక ప్రశ్న. దేశము విడిచిపోరాని వస్తువును దేశములోనే అమ్మినచో నెంత వచ్చుననునది మరియొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు జవాబుగా చూపినప్పుడే కలహము పుట్టును.

మధ్యవర్తుల విచారణ, న్యాయస్థానపు ఆదేశములు గడచి, 1995లో 173 నగలను ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనెను. అందు జాకబు వజ్రమును చేరియున్నది. నిజాము వారసులు రెండు దశాబ్దములకు పైగా వేచియుండిరి. రత్నములు బ్యాంకు నేలమాళిగలో నుండగా, వానిపై హక్కుగలవారు రొక్కమునకై ఎదురుచూచిరి. వెల నిశ్చయము కాని సంపద చేతికందని సంపదయే. 2001లోను, పిమ్మట మరికొన్ని పర్యాయములును ఆ నగలు ప్రదర్శింపబడినప్పుడు జనులు తండోపతండములుగ వచ్చి చూచిరి. వారికి కావలసినది వెల కాదు. తమ నేలపై నడచిన చరిత్రను కన్నులార చూచుట.

విలువకును వెలకును గల ఈ భేదమునకు హైదరాబాదులోనే మరియొక నిదర్శనము సాలార్‌జంగు మ్యూజియము. 1949లో మరణించిన మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో, 1951 డిసెంబరు 16వ తేదీన, జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగ అది తెరువబడెను. అందలి 'ముసుగు రెబెకా' పాలరాతి విగ్రహమును శిల్పి బెంజోని నుండి 1876లో మొదటి సాలార్‌జంగు కొనెను. దీనివంటిది లోకమున వేరొకటి లేదని చూడవచ్చినవారు తలంచుట కలదు. వాస్తవమున ఆ శిల్పియే చెక్కిన రెబెకా ప్రతిమలు అమెరికా మ్యూజియములలోను ఉన్నవి. అందుచేత హైదరాబాదు రెబెకా సౌందర్యము రవ్వంతయు తరుగదు. కాని దానికి వెల కట్టవలసివచ్చినచో, ఒక్కటియే యని తలచినవాని అంకెకును, అనేకములని యెరిగినవాని అంకెకును చాల దూరముండును. కాగా వెల కట్టువాని నేర్పు కంటితో పాటు ఎరుకపై ఆధారపడియున్నది. చూచుటకు కన్నులు చాలును. పోల్చుటకు పదిచోట్ల ఏమున్నదో తెలిసియుండవలెను.

రాజభవనములు విడిచి ఇక సామాన్యుల ముంగిటికి వచ్చినచో, పాత రేడియో కథయు ఇట్టిదే. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో ప్రారంభమైనది. హైదరాబాదు దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. ఆ దినములలో మర్ఫీ, ఫిలిప్స్, బుష్, నేషనల్ ఎకో వంటి సెట్టు ఇంట నుండుట గౌరవచిహ్నము. పోస్టాఫీసున ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసియుండెను. ట్రాన్సిస్టరు ప్రవేశముతో వాల్వు సెట్టు వెనుకబడినది. దేశమున రేడియో లైసెన్సు విధానమే 1980వ దశకమున ఎత్తివేయబడినది. ఇప్పుడా సెట్లనే కొందరు ఆసక్తితో సేకరించుచున్నారు.

రేడియోకును రాజుల రత్నమునకును ఒక భేదము కలదు. రత్నము ఒక్కటియే, రేడియో కర్మాగారమున వేలసంఖ్యలో తయారైన వస్తువు. కావున ఒక నమూనా సెట్టు వేరుచోట నిజముగ నెంతకు అమ్ముడైనదో విచారింపవచ్చును. ఇది సామాన్యునికి గల గొప్ప సదుపాయము. కాని ఇచ్చటను జాకబు నాటి దోషమే ఎదురగును. ప్రకటనలో వ్రాసిన వెల కోరిన వెల మాత్రమే. అమ్ముడుపోని సెట్టు ఏడాది పొడవున లక్షరూపాయల చీటితో కూర్చుండవచ్చును. దానిని చూచి ఊరివారందరు తమ సెట్లు లక్ష చేయునని సంతోషింపవచ్చును. ఇక పరీక్షింపవలసినవి వేరే కలవు. పెట్టె మొదటిదేనా? డయలు గాజు పగిలి మార్చబడినదా? వాల్వులు ఆ నమూనాకు తగినవేనా? ఎండిపోయిన కండెన్సర్లు మార్చి పాడునట్లు చేసిరా, లేక పైన మెరుగు మాత్రమే పూసిరా? పాడు సెట్టును కోరువాడొకడు, ఎవరి చేయి పడని సెట్టును కోరువాడు వేరొకడు. ఒకే మరమ్మతు ఒకనికి గుణము, మరియొకనికి దోషము. ఈ భేదము చెప్పక అంకె మాత్రము చెప్పువాని నిపుణత అసంపూర్ణము. చట్టపు దృష్టిలో నూరేండ్లు నిండని రేడియో పురావస్తువు కాదనునదియు గుర్తుంచుకొనదగినది. 'యాంటిక్' అను అంగడిమాట వేరు, శాసనపు నిర్వచనము వేరు.

అసంపూర్ణమైన ఎరుక కొంత నష్టము కలిగించును. నిపుణుని వేషము సర్వనాశనము కలిగించును. పాత రేడియోలలో 'ఎర్రపాదరసము' కలదనియు, దానికి కోట్ల వెల యనియు ఒక వదంతి వ్యాపించినది. 2009లో సౌదీ అరేబియాలో ఇదే వదంతి సింగరు కుట్టుమిషనుల విషయమున పుట్టి, పాత మిషనులకై జనులు ఎగబడిరి. చెప్పబడిన మహిమగల అట్టి పదార్థమున్నదని ఏ శాస్త్రసంస్థయు నిరూపింపలేదు. తెలుగు జిల్లాలలో ఇంతకంటె ప్రబలమైనది 'రైస్ పుల్లింగ్' మోసము. పిడుగు పడిన రాగిపాత్ర బియ్యపుగింజలను ఆకర్షించుననియు, అందు ఇరిడియము కలదనియు, విదేశీ సంస్థలు కోట్లిచ్చి కొనుననియు చెప్పుదురు. శాస్త్రజ్ఞుని వేషమున నొకడు వచ్చి పరీక్ష నటించును. పరీక్షరుసుమనియు, రక్షణదుస్తుల ఖర్చనియు లక్షలు గుంజుదురు. పింఛను సొమ్మును, పొలమమ్మిన సొమ్మును ఇట్లు పోగొట్టుకొనినవారు కలరు. ఇనుపరజను పట్టించిన గింజలు, దాచిన అయస్కాంతము ఉన్నచో ఏ పాత్రయైనను బియ్యమును లాగును. ఉక్కు కర్మాగారమున పనిచేసినవానికి ఈ రహస్యము విప్పిచెప్ప నక్కరలేదు.

ఈ మోసములలో ఒక లక్షణము సమానము. నిజమైన గ్రాహకుడు వస్తువునకు ధనమిచ్చును. వంచకుడు వస్తువు కలవానినే ధనమడుగును. వెల ఎంత పెద్దదిగ చెప్పినను, ముందు చెల్లింపు వస్తువు యజమానిదే అయినచో, అచ్చట అమ్ముడగుచున్నది వస్తువు కాదు, యజమాని ఆశ.

ఇంతమాత్రమున నిపుణులందరు నిరుపయోగులని చెప్పరాదు. ఎరిగినవారిని వెంట నుంచుకొమ్మన్న కౌటిల్యుని మాట నేటికిని చెల్లును. కాని వారి మాట వినునప్పుడు కొన్ని ప్రశ్నలు వేయవలెను. ఈ వెల అమ్మకమునకు కట్టినదా, భీమాకు కట్టినదా, పన్నుకు కట్టినదా? ఏ ఊరి అంగడిలో, ఎంత కాలములో పలుకు వెల ఇది? ఇట్టి వస్తువు నిజముగ అమ్ముడైన సందర్భము చూపగలరా? వెల కట్టినవానికి ప్రతిఫలమిచ్చువారెవరు? వెల కట్టినవాడే కొనవచ్చుచున్నాడా? ఈ ప్రశ్నలకు సూటిగ జవాబు చెప్పువాడు చిన్న అంకె చెప్పినను నమ్మదగినవాడు. జవాబు దాటవేయువాడు పెద్ద అంకె చెప్పినను ప్రయోజనము లేదు. సాధ్యమైనచో ఒకరినొకరు ఎరుగని ఇద్దరిని వేర్వేరుగ అడుగుట మేలు. రసాయనశాలలో రెండవ పరీక్ష వంటిదిది.

వస్తువుతోపాటు దాని కాగితములనుగూడ భద్రపరచుట అంతకంటె మేలైన పని. కొన్న రశీదు, రేడియో లైసెన్సు పుస్తకము, దానిప్రక్క నిలిచి తీయించుకొనిన కుటుంబ ఛాయాచిత్రము, ఎవరు ఎప్పుడు కొనిరో వ్రాసియుంచిన నాలుగు పంక్తులు ఉన్నచో వస్తువు నోరు తెరచి తన చరిత్ర చెప్పును. జాకబు వజ్రపు కథ నేటికిని నిలిచియున్నదన్నచో అది న్యాయస్థానపు దస్త్రముల పుణ్యమే. ఆ దస్త్రములే లేనిచో అది కాగితములపై నుంచిన మరియొక రాయి మాత్రమే. అమ్మినను అమ్మకున్నను, కాగితములతో కూడిన పాత రేడియో వారసులకు సంపూర్ణముగ సంక్రమించును. కాగితములు లేనిది పెట్టెగా మాత్రమే సంక్రమించును. దాని వెలను చెప్పు పని ఇతరుల నోటికి విడిచిపెట్టినట్లగును.